పచ్చిక కింద చేతులు

మా చెల్లెలు ఇంగ్లండులో గ్లాస్టర్ అనే ఊళ్ళో వుంటుంది. ఏప్రిల్ నెలలో నేను వాళ్ళింటికి వెళ్ళిన మూడోనాడు పొద్దున్నే గుమ్మం ముందు లారీ ఆగింది. దాంట్లోంచి చాపచుట్టల్లాంటివి దించుతున్నారు. ఏ పెళ్ళివారికో విడిది ఏర్పాటు చేస్తున్నారేమో అనుకున్నాను. తీరా దగ్గరికెళ్ళి చూస్తే అవి చాపలు కావు, గడ్డి! అడుగున పల్చటి మట్టిపొర, పైన నవనవలాడే పచ్చిక.

"గడ్డి డబ్బిచ్చి కొనుక్కుంటారటే?" అన్నాను.

"నెమ్మదిగా అనక్కా! పక్కింటావిడకి తెలుగు రాదు గాని, నీ మొహం చూస్తే అర్థమైపోతుంది" అంది మా చెల్లెలు.

మా మరిదిగారు అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయారు. ఇక మిగిలింది మేమిద్దరమే. "చుట్ట విప్పకుండా వుంచితే లోపల వేడెక్కి పసుపుపచ్చగా అయిపోతుంది. ఇవాళే పరిచెయ్యాలి" అంటూ చెంగు బదులు చొక్కా చేతులు పైకి మడిచింది. నేల వారం ముందే తవ్వి, రాళ్ళేరి, మడమలతో తొక్కి చదును చేసి పెట్టుకుందట. ఒక వరస పరిచాక రెండో వరస అతుకులు మొదటి వరస అతుకులకి ఎదురుగా రాకూడదు. గోడకి ఇటుకలు పేర్చినట్టే అన్నమాట. పరిచినదాని మీద కాలు పెట్టకూడదు. చెక్కపలక వేసుకుని దాని మీదనే కూర్చోవాలి. సందుల్లో ఇసక కలిపిన మట్టి కూరాలి. వేళ్ళు దిగేదాకా తడి ఆరనివ్వకూడదు. ఈ పనికి ఆ దేశంలో అసలైన కాలం శరదృతువేనట. వసంతంలో వేసేవాళ్ళు ఎండ ముదరకముందే వేసి, నీళ్ళు మాత్రం మరిచిపోకుండా పోసుకోవాలట.

ఇంత చెప్పినా నేను టీ కప్పు పుచ్చుకుని పలక మీంచి పక్కకి దిగనే దిగాను. నా మడమ దిగబడి గుంట పడింది. "అక్కా!" అని అది వేసిన కేకకి టీ కాస్తా గడ్డికి అభిషేకమైంది.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. రాజులూ, యుద్ధాలూ, తేదీలూ బట్టీపట్టాను గాని గడ్డికి కూడా ఓ చరిత్ర వుంటుందని మాకే మేష్టారూ చెప్పలేదు. గడ్డి వేళ్ళూనేదాకా ఎలాగూ తోటలోకి వెళ్ళనిచ్చేది కాదు గనక, ఆ రెండు వారాలూ అక్కడి లైబ్రరీలో కూర్చున్నాను.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదండోయ్! 1260 ప్రాంతంలో ఆల్బర్టస్ మాగ్నస్ అనే జర్మన్ సన్యాసి రాసిపెట్టాడు. ముందు వేళ్ళన్నీ తవ్వి తీసెయ్యాలి, నేల చదును చెయ్యాలి. మిగిలిన విత్తనాలు చచ్చేట్టు సలసల కాగే నీళ్ళు గుమ్మరించాలి. ఆ పైన పచ్చిక పలకలు పరిచి, కొయ్యసుత్తులతో బాది, ఇక గడ్డి కనపడదేమో అన్నంతగా కాళ్ళతో తొక్కాలి. అప్పుడది సన్నటి వెంట్రుకల్లా పైకి లేచి నేలంతా బట్ట కప్పినట్టు కప్పేస్తుందట. ఎందుకయ్యా ఇంత శ్రమ అంటే, కంటికి ఇంపుగా వుంటుందని! సంసారం లేని సన్యాసికి ఇంత సౌందర్యదృష్టి ఏమిటా అని నవ్వుకున్నాను. కాగే నీళ్ళు ఎవరు కాచారో మాత్రం ఆయన రాయలేదు.

తరవాత్తరవాత పచ్చిక బయలు పెద్దవాళ్ళ దర్జా అయింది. పంట పండే నేలని పంట లేకుండా వుంచుకోగలగడమే కదా అసలు గొప్ప! మిషన్లు లేని కాలం. మంచుకి తడిసిన గడ్డి బాగా తెగుతుందని మగవాళ్ళు తెల్లారకముందే నిలువెత్తు పిడి వున్న పెద్ద కొడవళ్ళతో కోసేవాళ్ళు. వెనకాలే ఆడవాళ్ళు తెగిన గడ్డి వూడ్చి ఎత్తేవాళ్ళు, వంగి కలుపు పీకేవాళ్ళు. 16వ శతాబ్దపు హాంప్టన్ కోర్టు రాజోద్యానం లెక్కల్లో ఈ కలుపు తీసే ఆడకూలీల పద్దులున్నాయి.

అన్నిటికంటె నన్ను ఆపేసింది సిలియా ఫైన్స్ రాసిన సంగతి. ఈవిడ 17వ శతాబ్దం చివర ఇంగ్లండంతా గుర్రమెక్కి తిరిగి, చూసింది చూసినట్టు రాసుకున్న మనిషి. వోబర్న్‌లో బెడ్‌ఫర్డ్ ప్రభువుల తోట చూడబోతే అక్కడ ఒక ముసలావిడ కనిపించింది. దగ్గరికి వెళ్తే మనిషి కాదు, రాతిబొమ్మ! ఆ తోటలో కలుపు తీసిన ఆవిడ పోలికలతో, బట్టలతో సహా ప్రభువుగారు చెక్కించాడట. మొదట నిజం మనిషే అనుకున్నానని సిలియా రాసింది. దొరగారికి ఆవిడ మొహం అంత బాగా గుర్తుంది. అయితే ఆవిడ పేరేమిటో సిలియా రాయలేదు.

ఇక 1830కి వద్దాం. మా చెల్లెలి ఊరికి పది మైళ్ళ దూరంలో స్ట్రౌడ్ వుంది. ఉన్ని మిల్లుల ప్రాంతం. అక్కడ నేసిన బట్ట మీద లేచిన నూగు కత్తిరించే మిషను చూసి ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయనకి, బట్ట నూగు కోసినట్టు నేల నూగు కోస్తేనో అని ఆలోచన వచ్చింది. గడ్డి కోసే మిషను అలా పుట్టింది. దొరలు స్వయంగా తోసుకుంటే కాలక్షేపానికి కాలక్షేపం, వ్యాయామానికి వ్యాయామం అని పేటెంటు కాగితాల్లోనే రాసుకున్నాడు. అంతకుముందు కూలీలకి అది వ్యాయామమని ఎవరికీ తోచలేదు చూశారా!

చిత్రమేమిటంటే, ఆ 1830లోనే జేన్ వెబ్ అనే నవలా రచయిత్రి పెళ్ళి జరిగింది. పదిహేడో ఏట తండ్రి పోతే, పొట్టపోసుకోవడానికి కలం పట్టింది. 1827లో ఆమె రాసిన 'ది మమ్మీ' నవల మూడు వందల ఏళ్ళ తరవాతి ప్రపంచం గురించి. పుస్తకం మీద పేరు లేదు. అందులో ఆవిరితో నడిచే నాగలి చూసి ముచ్చటపడిన తోటల పండితుడు జాన్ లౌడన్, రచయిత మగవాడనుకుని పరిచయం చేసుకోబోయాడు. ఆఖరికి పెళ్ళే చేసుకున్నాడు! ఆయనకి కుడిచెయ్యి లేదు. జబ్బు చేసి తీసేశారు. ఆయన చెబుతుంటే రాసే చెయ్యి ఈవిడదయింది. కాపరానికి వచ్చేనాటికి తోటపని ఓనమాలు కూడా రాని మనిషి 1840లో ఆడవాళ్ళ కోసం తోటపని పుస్తకం రాసింది. తేలికపాటి పార ఎలా పట్టుకోవాలి, చెప్పుకి ఇనపరేకు ఎందుకు కట్టుకోవాలి అన్నీ మొదటినుంచీ చెప్పింది. మట్టి ముట్టుకోవడం కూలివాళ్ళ పని అని పెంచిన ఆడపిల్లల చేతికి పార ఇచ్చింది. 1843లో భర్త పోయాడు, అప్పులు మిగిలాయి. కలంతోనే కూతురిని పెంచుకుంది.

ఇంతా చేసి ఈ పచ్చిక గొప్పతనం యుద్ధం ముందు ఆగలేదు. 1939లో తిండిగింజలకి కరువొస్తుందని ప్రభుత్వం జనాన్ని తవ్వుకోమంది. ఇళ్ళ ముందు పచ్చికలు పోయి బంగాళాదుంపలు వచ్చాయి. లండన్ కోట అగడ్తలో కూడా కూరగాయలు పండించారు.

నేను తిరిగొచ్చిన నాలుగో రోజున మా చెల్లెలు ఫోన్ చేసింది. "మూల పట్టుకు లాగి చూశానక్కా, రాలేదు. వేళ్ళు దిగాయి. నీ మడమ గుంట మాత్రం అలాగే వుంది" అంది.

ఆ రాత్రి మా కాలేజీ గ్రూప్ ఫోటో తీసి చూశాను. బి.ఏ. ఆఖరి ఏడు, పచ్చిక మీద మూడు వరసల్లో మేమంతా. ఆ లాన్‌లో రోజూ నలుగురైదుగురు ఆడవాళ్ళు ఎండలో గొంతుకూర్చుని, తలమీద కొంగు కప్పుకుని, చిన్న కొడవళ్ళతో తుంగ పెకలిస్తూ వుండేవాళ్ళు. ఫోటోగ్రాఫరు "జరగండమ్మా" అంటే పక్కకి జరిగారు. మూలన ఒకావిడ వీపు మాత్రం పడింది. మూడేళ్ళు ఆ గడ్డి మీద కూర్చుని చరిత్ర పాఠాలు వల్లించుకున్నాను. ఆవిడ పేరు నాకు తెలియదు.

మా అపార్టుమెంటు ముందు కూడా నాలుగు మంచాలు పట్టేంత పచ్చిక వుంది. వారానికోసారి ఒకావిడ వచ్చి కలుపు తీసి వెళ్తుంది. మొన్న మజ్జిగ తీసుకెళ్ళి, "నీ పేరేమిటమ్మా?" అని అడిగాను.

"గడ్డితో పని గాని నా పేరుతో పనేంటమ్మా?" అని నవ్వింది.

నేను కదలకుండా నించుంటే, గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, అప్పుడు చెప్పింది.