పొగ లేని కరెంటు.. అడగకుండా తీసుకున్న భూమి

కౌతాళం నుంచి మాట్లాడుతున్నా. మన సీమలో ఇప్పుడు ఎక్కడ చూసినా సోలార్, గాలిమరలు, లీజుల మాటే. బొగ్గు లేని కరెంటు నాకూ ఇష్టమే. కానీ కరెంటు క్లీన్ అయితే, అది వచ్చిన దారి కూడా క్లీన్ అయినట్టేనా? జవాబు కోసం తూర్పు కనుమల్లోని ఆదివాసీ ఊళ్ల చరిత్ర చూద్దాం.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పొగ లేదు, బూడిద లేదు. కానీ దాని కోసం సుమారు 3 వేల కుటుంబాలు ఊళ్లు వదిలాయి. అందులో దాదాపు సగం ఆదివాసీలవే. "మీకు సమ్మతమేనా?" అని వాళ్లను అడిగి తీరాలనే చట్టం అప్పుడు లేదు.

అది రావడానికి నలభై ఏళ్లు పట్టింది. 1996లో పెసా చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలని చెప్పింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు సమత తీర్పు. బొర్రా గుహల దగ్గర, అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద నడిచిన కేసు అది. అక్కడి భూమిని, ప్రభుత్వ భూమైనా సరే, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని కోర్టు తేల్చింది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పక్కన పెట్టాలనీ చెప్పింది.

ఇప్పుడు అదే అనంతగిరి మండలంలో పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు ప్రతిపాదన ఉంది. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. నీళ్లతో నడిచే పెద్ద బ్యాటరీ అనుకోండి. మన ఎండ కరెంటుకు ఇలాంటి బ్యాటరీలు కావాల్సిందే. అక్కడి గిరిజనులు మాత్రం పాత ప్రశ్నే వేస్తున్నారు: మా గ్రామసభను అడిగారా?

నష్టపరిహారం వేరు, భాగస్వామ్యం వేరు ఫ్రెండ్స్. అంతా నిర్ణయించేశాక చేతిలో పెట్టేది పరిహారం. నిర్ణయానికి ముందే కూర్చోబెట్టి, వాళ్ల భాషలో చెప్పి, "వద్దు" అంటే విని, లాభంలో వాటా ఇస్తే అది భాగస్వామ్యం.

కౌతాళం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఆ రక్షణలు మనకు లేవు. కానీ ఆ ప్రశ్నలు మనమూ అడగొచ్చు. మీ ఊరికి లీజు కాగితం వస్తే, సంతకం పెట్టకముందే నలుగురిలో గట్టిగా చదివించండి.