బొమ్మ కదిలే చదువులో మన వాటా

హోసూరు, బరంపురం, షోలాపూరు వంటి ఊళ్ళలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలలో యానిమేషన్ చిత్రనిర్మాణంలో స్నాతకోత్తర పట్టం తీసుకోవాలనుకునే వారు ఇప్పుడు కనిపిస్తున్నారు. వారు మమ్మల్ని అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. రెండు, రెండున్నర ఏళ్ళ చదువులో ఏ కోర్సులు ఎంచుకోవాలి? దేనికెంత కాలం కేటాయించాలి? తెలుగు శాఖవారిని ఈ ప్రశ్న అడగడం వింతగా తోచవచ్చు. కాని ఈ చదువు రూపుదిద్దుకొన్న తీరు పరిశీలిస్తే, దాని ప్రణాళికలో మన భాషకూ మన బొమ్మలాటకూ న్యాయంగా రావలసిన చోటు ఉందని తెలుస్తుంది. ఆ చోటును ఎవరూ పిలిచి ఇవ్వరు. విద్యార్థే అడిగి తీసుకోవాలి.

మన దేశంలో కదిలే బొమ్మ పుట్టినప్పుడు దానికి బడి లేదు. దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లలను ఒక్కొక్క ఫ్రేముకు కొంచెం కొంచెం జరిపి చిన్న చిత్రం తీశారు. 1934లో కలకత్తా న్యూ థియేటర్స్ సంస్థకు గుణమయ్ బెనర్జీ ఒక కార్టూన్ చిత్రం చేశారు. ఎవరికి వారు ప్రయోగం చేసి నేర్చుకొన్న కాలమది.

ఈ విద్యకు ఒక క్రమమైన పాఠ్యప్రణాళిక కావాలన్న ఆలోచన 1930లలో అమెరికాలో బలపడింది. వాల్ట్ డిస్నీ 1932లో డాన్ గ్రాహం అనే చిత్రకళోపాధ్యాయుణ్ణి రప్పించి, తన స్టూడియోలోనే సాయంకాలపు తరగతులు పెట్టించారు. 1935 డిసెంబరులో ఆయనకు రాసిన సుదీర్ఘమైన లేఖలో శిక్షణ ఎలా ఉండాలో వివరించారు. బొమ్మ గీయడం ఒక్కటే చాలదనీ, చలనాన్ని విశ్లేషించడం, హాస్యం, కథ అల్లిక, సంభాషణ, సంగీతం ఇవన్నీ తెలియాలనీ దాని సారాంశం. ఈ జాబితాలో యంత్రానికి దక్కిన చోటు చాలా తక్కువ అన్నది గమనించదగిన విషయం.

ఆ శిక్షణ సంప్రదాయం 1956లో మన దేశానికి వచ్చింది. డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ బొంబాయిలోని అప్పటి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి అక్కడి కార్టూన్ విభాగంలో యువకులకు తర్ఫీదు ఇచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివిన రామ్ మోహన్ ఆ విభాగంలో చేరినవారే. తరువాతి కాలంలో భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కుగా నిలిచి 2014లో పద్మశ్రీ అందుకొన్నారు. 1957లో ఆ విభాగం నుంచి వెలువడిన చిత్రానికి కథ జాతక కథల నుంచి, రూపురేఖలు అజంతా చిత్రాల నుంచి తీసుకొన్నారు. సాంకేతిక విద్య పరాయిదైనా, కథా గీతా మనవి కావచ్చునని ఆ తొలి పాఠంలోనే తేలింది.

1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ, 1969లో బొంబాయి ఐ.ఐ.టి.లో పారిశ్రామిక రూపకల్పన కేంద్రం ఏర్పడ్డాయి. కాలక్రమాన ఈ రెండు చోట్లా యానిమేషన్ స్నాతకోత్తర విద్యగా స్థిరపడింది. స్టూడియోలో గురువు పక్కన కూర్చొని నేర్చుకొన్న పని సెమిస్టర్లుగా, కోర్సులుగా, చివరి సెమిస్టరులో చేసే సిద్ధాంత చిత్రంగా మారింది.

ఈ చరిత్రలో పోయినదేమిటి, నిలిచినదేమిటి అన్నదే విద్యార్థికి అసలు పాఠం. పారదర్శకమైన రేకులపై రంగులు వేసే పని పోయింది. బల్లపై వేలాడే కెమెరా పోయింది. ఈనాటి సాఫ్ట్‌వేర్‌కూ అదే గతి పడుతుంది. బరువు, వేగం, నిదానం, చూపు, మాట మాత్రం నిలిచాయి. కనుక కోర్సులన్నీ యంత్రానికే ధారపోసిన విద్యార్థి, త్వరగా పాతబడేదాన్నే కొనుక్కొన్నట్లవుతుంది.

ఇక మన వాటా సంగతి. తెరవెనుక దీపం పెట్టి తోలుబొమ్మను ఆడించడం చలనచిత్రం కంటే ఎన్నో శతాబ్దాలు పాతది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనే ఈ ఆట ప్రస్తావన ఉంది. మన ఆంధ్ర బొమ్మలు నిలువెత్తువి, రంగులవి. వాటికి భుజం, మోచేయి, నడుము, మోకాలు దగ్గర కీళ్ళుంటాయి. ఒడిశాలోని రావణఛాయ బొమ్మలకు కీళ్ళే ఉండవు. ఒకే తోలుముక్క నల్లని నీడగా మారి భావం పలికిస్తుంది. కర్ణాటక బొమ్మలలో పాత్ర హోదాను బట్టి పరిమాణం మారుతుంది. కీలు ఎక్కడ వేయాలి, పాత్ర పరిమాణం ఎంత ఉండాలి, నీడ ఎంత చెప్పగలదు అన్నవన్నీ యానిమేషన్ తరగతిలో వచ్చే ప్రశ్నలే. మీరుండే రాష్ట్రాలలోనూ, వాటి పొరుగునా వీటికి మూడు రకాల జవాబులు ఉన్నాయి.

మరొక విశేషం కూడా చెప్పవలసి ఉంది. ఆంధ్రదేశపు తోలుబొమ్మల కళాకారులలో చాలా కుటుంబాలవారు ఇంట్లో మాట్లాడుకొనేది మరాఠీకి దగ్గరి భాష. అయినా తెరముందు రంగనాథ రామాయణం ద్విపదలు పాడి తెలుగును కాపాడినవారు వారే. ఇంటి భాష ఒకటి, ఊరి భాష మరొకటి అయిన జీవితం మీకు కొత్త కాదు. ఆ రెండింటి మధ్య కళ ఎలా బ్రతికిందో చూడాలంటే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్ళి రావాలి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

భాష విషయంలో తెలుగు శాఖ నేరుగా సాయపడగలదు. పాత్ర నోటి కదలికలకు తరగతిలో వాడే పట్టికలు ఎక్కువగా ఇంగ్లీషు ఉచ్చారణ ఆధారంగా తయారైనవి. మన మాటలు చాలా వరకు అచ్చుతో ముగుస్తాయి. 'వచ్చాడు' అన్నప్పుడు చివర పెదవులు గుండ్రమవుతాయి. 'అమ్మ', 'అప్ప' అన్నప్పుడు ద్విత్వం వల్ల మూసిన పెదవులు మరికొన్ని ఫ్రేములు మూసే ఉంటాయి. ఇది పట్టించుకోకపోతే బొమ్మ తెలుగు మాట్లాడుతున్నా డబ్బింగు చిత్రంలా కనిపిస్తుంది. బరంపురం తెలుగు వేరు, హోసూరు తెలుగు వేరు. మీ అమ్మమ్మ మాటను రికార్డు చేసి, అచ్చు అచ్చుకూ విడదీసి, నోటి పట్టిక తయారుచేస్తే అది సినిమాకూ భాషాశాస్త్రానికీ పనికివచ్చే పని.

ఇక ప్రణాళిక. మొదటి సెమిస్టరులో రేఖాచిత్రం, మనుషుల, పశువుల నడక పరిశీలన, చలనచిత్ర చరిత్ర ఉండాలి. రెండవదానిలో చలన సూత్రాలు, శబ్దం, పైన చెప్పిన ఉచ్చారణ అభ్యాసం. మూడవదానిలో ఐచ్ఛిక కోర్సుకు బదులు కళాకారుల దగ్గర కొన్ని వారాలు పనిచేయడానికి అనుమతి కోరండి. నాలుగవది సిద్ధాంత చిత్రానికి. ఇక్కడ లెక్క మరవరాదు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు. మూడు నిమిషాల చిత్రానికి 2,160 బొమ్మలు కావాలి. పది నిమిషాల పురాణగాథ మొదలుపెట్టి సగంలో ఆపేయడం కంటే, మూడు నిమిషాలలో కేతిగాడికీ బంగారక్కకూ ఒక చిన్న తగవు పెట్టి పూర్తిచేయడం మేలు.

అనుమతి అడిగినప్పుడు, దీనికీ యానిమేషన్‌కూ సంబంధమేమిటని ఎవరైనా అనవచ్చు. అప్పుడు 1957 నాటి ఆ జాతక కథా చిత్రాన్ని గుర్తుచేయండి. బొమ్మను ఆడించే చెయ్యి, మాట పలికే నోరు మీ ఇంటి దగ్గరే ఉన్నాయి. వాటిని చదువులోకి తెచ్చుకోవడమే మిగిలింది.