తాండా నుంచి పంచాయతీ దాకా: పడమటి మండలాల్లో మన ఆడబిడ్డలు

వెంకటగిరికోటను మన వైపు అందరూ వి.కోట అనే అంటారు. కుప్పం, పలమనేరు, కర్ణాటకలోని కె.జి.ఎఫ్., తమిళనాడులోని పేర్ణంబట్టు దారులు కలిసే చోటు. ఇక్కడి నుంచి పుంగనూరు, మదనపల్లె దాకా మన సుగాలి తాండాలు, యానాది కాలనీలు, ఎరుకల ఇళ్ళు ఊళ్ళకు కాస్త ఎడంగా, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఇలా చెదిరి ఉండడమే మన రాజకీయ చరిత్రను నడిపించిందని మా అభిప్రాయం.

మన్యంలో గిరిజనులు ఒకే చోట ఎక్కువమంది ఉంటారు. నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు కేటాయించిన అసెంబ్లీ స్థానాలు 7: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నీ ఉత్తరాంధ్ర, గోదావరి వైపువే. రాయలసీమలో ఒక్కటీ లేదు. ఆ ఏడింటిలో 2014లో నలుగురు మహిళలు గెలిచారు, 2019లో నలుగురు, 2024లో ముగ్గురు. అసెంబ్లీలో మహిళా కోటా ఇంకా అమల్లోకి రాలేదు, అయినా గెలిచారు. అరకు లోక్‌సభ స్థానం నుంచి 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మా తనూజారాణి వరుసగా ఎన్నికయ్యారు. పాముల పుష్పశ్రీవాణి 2019లో ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 2024లో గుమ్మిడి సంధ్యారాణి గిరిజన సంక్షేమ మంత్రి అయ్యారు. రంపచోడవరం ఎమ్మెల్యే మిరియాల శిరీషాదేవి అంతకుముందు అంగన్‌వాడీ కార్యకర్త. ఈ సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడు, అంగన్‌వాడీ టీచరు ఎమ్మెల్యే కావచ్చునా అని మళ్ళీ మళ్ళీ అడుగుతారు.

కాబట్టి మన ఆడవాళ్ళకు నాయకత్వం చేతకాదనే మాటకు ఆధారం లేదు. అక్కడ మెట్లున్నాయి, ఎక్కారు. మన దగ్గర మన పేరుతో కేటాయించిన మెట్లు సర్పంచ్, ఎంపీటీసీ, ఎంపీపీ, జెడ్పీటీసీ దగ్గరే ఆగిపోతాయి.

ఈ కొరత మొదటి నుంచీ ఉన్నదే. రాజ్యాంగ సభలో 15 మంది మహిళలుంటే అందులో ఆదివాసీ మహిళ ఒక్కరూ లేరు. 1946 డిసెంబరులో ఆదివాసీల తరఫున మాట్లాడిన జైపాల్ సింగ్ ముండా, ఈ సభలో మగవాళ్ళు మరీ ఎక్కువయ్యారు, ఆడవాళ్ళు ఇంకా రావాలి అని సభ ముఖం మీదే అన్నారు. 1952లో మొదటి లోక్‌సభకు షిల్లాంగ్ వైపు నుంచి ఖాసీ మహిళ బోనిలీ ఖోంగ్మెన్ ఎన్నికయ్యారు. ఒకప్పుడు మన ఎరుకల, సుగాలి కుటుంబాలను నేరస్థ జాతుల చట్టం కింద పెట్టి, పోలీసు స్టేషనులో హాజరు వేయించుకున్నారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. సర్కారు కాగితం మీద పేరు పడిందంటే భయపడే అలవాటు ఆ రోజుల నుంచే వచ్చింది. ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో అవ్వలు సంతకం పెట్టమంటే చెయ్యి వెనక్కి లాక్కుంటారు.

అసలు తలుపు తెరిచింది 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఎస్టీలకు జనాభా ప్రకారం సీట్లు, వాటిలో మూడో వంతు ఎస్టీ మహిళలకు. మన రాష్ట్రంలో 2011లో మహిళల వాటా సగానికి పెరిగింది. ఇదే కాలంలో ఇంకో అడ్డు కూడా వచ్చిపడింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పోటీ చేయకూడదని 1994 పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. చిన్న వయసులోనే పెళ్ళయి, పాతికేళ్ళకే ముగ్గురు పిల్లల తల్లులైన యానాది, సుగాలి ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. సీటు వాళ్ళదే, కానీ నామినేషన్ వేసే అర్హత వాళ్ళకు లేదు. ఆ నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. దాదాపు ముప్పై ఏళ్ళు. ఒక తరం తల్లులు బయటే ఉండిపోయారు.

మిగిలింది రొటేషన్. ఎస్టీ మహిళ సీటు ఎప్పుడూ ఒకే ఊళ్ళో ఉండదు. ఎన్నికైన కొత్తలో భర్తో, ఊరి పెద్దమనిషో పక్కన కూర్చుని అన్నీ తానే మాట్లాడతాడు. ఒక సమావేశంలో మేము చూశాం. వార్డు మెంబరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, ఆమె కుర్చీలో భర్త కూర్చున్నాడు, ఎవరూ అదేమని అడగలేదు. రెండు మూడేళ్ళకు ఆమె బిల్లు చదవడం, బోరు పని ఎక్కడ ఆగిందో ఆఫీసుకు పోయి అడగడం నేర్చుకుంటుంది. అంతలో గడువు అయిపోతుంది, సీటు ఇంకో ఊరికి పోతుంది. ఆమె మళ్ళీ టమోటా తోటలో కూలికి పోతుంది. ఆమె నేర్చుకున్నది ఎవరికీ అందదు.

తెలంగాణలో 2018లో వెయ్యికి పైగా తాండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. మన వైపు తాండా పెద్ద పంచాయతీలో ఒక వార్డయితే అదే గొప్ప. మానుకోట వైపు తాండాలో పుట్టిన సత్యవతి రాథోడ్ సర్పంచ్‌గా మొదలై జెడ్పీటీసీ, ఎమ్మెల్యే అయి, 2019లో మంత్రి అయ్యారు. సంతాలీ బిడ్డ ద్రౌపదీ ముర్ము గారు టీచరుగా పనిచేశారు, 1997లో రాయ్‌రంగ్‌పూర్ నగర పంచాయతీ కౌన్సిలరయ్యారు, 2022లో రాష్ట్రపతి అయ్యారు. ఇద్దరిదీ మొదటి మెట్టు స్థానిక సంస్థే. ఆ తర్వాత పైకి దారి దొరికింది.

మరి దారి లేనిచోట ఏం చేయాలి? గెలిచిన తర్వాత రెండు రోజుల శిక్షణ సరిపోదని మేము అనుకుంటున్నాం. పని సీటు రాకముందే మొదలు కావాలి. పదవి దిగిన అక్కలను కొత్తగా గెలిచినవాళ్ళ పక్కన కూర్చోబెట్టాలి. సంఘం ఈ ఒక్క పని పెట్టుకున్నా చాలు, దీనికి పెద్ద ఖర్చు లేదు. కుల ధ్రువీకరణ పత్రం నామినేషన్ల వారంలో పరుగెత్తి తెచ్చుకునేది కాదు. యానాది కుటుంబాల్లో పుట్టిన తేదీ కాగితమే లేనివాళ్ళున్నారు, ముందు అది చేయించాలి. హాస్టళ్ళలో మేము చేయగలిగిందీ ఉంది. మెస్ కమిటీకి ఆడపిల్లలను వార్డెను పేరు చెప్పి పెట్టకుండా, చీటీలు వేసి ఎన్నుకోమంటున్నాం. గెలిచిన పిల్ల సరుకుల లెక్క చూసి అందరి ముందూ చదవాలి. బియ్యం తూకంలో తేడా వస్తే మమ్మల్నే నిలదీస్తుంది. మొదట్లో మాకు కష్టంగానే ఉండేది.

పంచాయతీకి పోటీ చేయాలంటే 21 ఏళ్ళు నిండాలి, ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరుండాలి. మా దగ్గర చదివి వెళ్ళిన పిల్లల్లో ఆ వయసు దాటినవాళ్ళు చాలామందే ఉన్నారు. కొందరు బెంగళూరు గార్మెంట్స్‌కు పోయారు, కొందరు పెళ్ళయి వేరే తాండాకు వెళ్ళారు. ఎవరి ఓటు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో, ఎవరి పేరు జాబితాలోంచి పోయిందో ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాం. వి.కోట మండలం వరకు అయింది. కుప్పం, పుంగనూరు వైపు పేర్లు తెలిసినవాళ్ళు మాకు చెప్పాలి.