పాత సోఫా వయసు దాని కడుపులో ఉంటుంది

ఈ ఎపిసోడ్‌లో సోఫా గురించి మాట్లాడుకుందాం. కొత్త సోఫా కాదు, పాతది. ఈమధ్య ఫోన్లో సెకండ్ హ్యాండ్ ఫర్నిచర్ పేజీ ఏది తెరిచినా "వింటేజ్", "యాంటిక్", "విక్టోరియన్" అనే మాటలే కనిపిస్తున్నాయి. ఆ మాట తగిలించగానే రేటు కూడా ఎక్కేస్తుంది. కొత్తగా కాపురం పెట్టేవాళ్లకి, మొదటి ఉద్యోగంలో ఉన్నవాళ్లకి అదేం చిన్న డబ్బు కాదు.

నేను చెప్పేది ఒక్కటే. పైన ఉన్న గుడ్డని, తోలుని చూసి సోఫా వయసు చెప్పలేం. గుడ్డ ఎన్నిసార్లైనా మారుస్తారు. లోపల ఏముందో చూడాలి. ఎందుకంటే లోపల వాడిన ప్రతి సరుకూ ఏదో ఒక కాలంలో పుట్టిందే. ఏది ఎప్పుడు పుట్టిందో తెలిస్తే, ఏది నిజమైన పాతదో, ఏది వేషం వేసుకున్న కొత్తదో పట్టేయొచ్చు.

ముందు పేరు సంగతి. సోఫా అంటే ఏదో యూరప్ మాట అనుకుంటాం. కాదండి, దాని మూలం "సుఫ్ఫా" అనే అరబ్బీ మాట. కూర్చోవడానికి కట్టిన అరుగు లాంటిది అన్నమాట. మన ఇళ్లలో ఉండే దివాన్ కాట్‌లోని "దివాన్" పర్షియన్ నుంచి వచ్చింది. కాళ్లు చాపుకునే "ఆటోమన్" పేరు టర్కీ సామ్రాజ్యానిది. అంటే మెత్తల మీద తీరిగ్గా కూర్చునే అలవాటు తూర్పు నుంచే పడమటికి వెళ్లింది. యూరప్ వాళ్లు దానికి కాళ్లు, చేతులు, వీపు బిగించి మళ్లీ మనకే పంపారు.

18వ శతాబ్దపు ఇంగ్లండ్ సోఫా లోపల ఏముండేది? అడుగున నవారు. మన నవారు మంచానికి అల్లినట్టే, చెక్క ఫ్రేముకి పట్టీలు అడ్డంగా నిలువుగా అల్లి మేకులు కొట్టేవాళ్లు. దాని మీద గోనెగుడ్డ, ఆ పైన గుర్రపు వెంట్రుకలు కూరి కుట్టేవాళ్లు. స్ప్రింగు లేదు, ఫోమ్ లేదు. అందుకే ఆ కాలపు సీటు పలచగా, గట్టిగా ఉంటుంది. నిటారుగా కూర్చోవాలి తప్ప జారగిలబడటం కుదరదు.

ఆ రోజుల్లోనే లండన్‌లో థామస్ చిప్పెండేల్ అనే ఆయన 1754లో ఫర్నిచర్ డిజైన్ల పుస్తకం అచ్చు వేశాడు. పుస్తకం చేతికొస్తే ఏ ఊరి వడ్రంగైనా అదే మోడల్ చేసేయొచ్చు కదా! అందుకే ఇవాళ ఎవరైనా "ఇది చిప్పెండేల్ అండి" అంటే, చాలాసార్లు ఆ స్టైల్ అని మాత్రమే అర్థం. ఆయన షాపులో చేసిందని కాదు.

అసలు మలుపు 1828లో వచ్చింది. శామ్యూల్ ప్రాట్ అనే ఆయన ఇంగ్లండ్‌లో చుట్టల స్ప్రింగుల సీటుకి పేటెంట్ తీసుకున్నాడు. దాంతో సోఫా ఆకారమే మారిపోయింది. స్ప్రింగు నిలబడాలంటే లోతు కావాలి, కాబట్టి సీటు మందమైంది. మందంగా కూరిన వెంట్రుకలు పక్కకి జరిగిపోకుండా దారంతో లోపలికి లాగి బొత్తాలు బిగించారు. వీపు మీద గుంటలు గుంటలుగా కనిపించే ఆ డిజైన్ కేవలం అందం కోసం వచ్చింది కాదు, పని కోసం వచ్చింది.

ఇక్కడ ఒక కథ బాగా తిరుగుతోంది. వీపు, చేతులు ఒకే ఎత్తులో గుండ్రంగా చుట్టినట్టు ఉండే చెస్టర్‌ఫీల్డ్ సోఫా ఉంది కదా, దాన్ని చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు తన సూటు నలగకుండా కూర్చోవడానికి చేయించాడట. వినడానికి బాగుంది. కానీ ఆ నాలుగో ఎర్ల్ 1773లోనే చనిపోయాడు. స్ప్రింగుల పేటెంట్ వచ్చింది 1828లో. ఇవాళ మనం చూసే ఆ లోతైన, ఊగే చెస్టర్‌ఫీల్డ్‌లో ఆయన కూర్చునే అవకాశమే లేదు. చూశారా, రెండు తేదీలు పక్కపక్కన పెడితే కథ ఎలా తేలిపోయిందో! మనం కొనే సోఫాకీ ఇదే పద్ధతి వాడదాం.

ఫోన్ టార్చ్ వేసి, ఓనర్‌ని అడిగి సోఫాని మెల్లగా వెనక్కి వంచండి. స్క్రూ తల మీద ప్లస్ గుర్తు ఉందా? అది 1930ల నుంచి వచ్చిన ఫిలిప్స్ స్క్రూ. ఒకటో రెండో ఉంటే తర్వాతెప్పుడో రిపేరు చేశారనుకోవచ్చు. ఫ్రేమంతా అవే ఉండి, వేరే పాత రంధ్రాలేవీ లేకపోతే అది విక్టోరియా రాణి కాలంది కాదు. గుడ్డని స్టేపుల్స్‌తో కొట్టారా? అది గత శతాబ్దపు పని. అంతకుముందు చిన్న చిన్న మేకులే వాడేవాళ్లు. నిజంగా పాత ఫ్రేమ్ అయితే, గుడ్డ మార్చిన ప్రతిసారీ కొట్టిన మేకుల రంధ్రాలు చెక్క అంచున వరసలు వరసలుగా ఉంటాయి. ఆ రంధ్రాలే దాని బర్త్ సర్టిఫికెట్.

ఇక ఫోమ్. మెత్తటి పాలీయురెథేన్ ఫోమ్ సోఫాల్లోకి 1950లలో వచ్చింది. చవక, తేలిక, కానీ అంటుకుంటే ఆగదు, విషపు పొగ చిమ్ముతుంది. 1979 మే నెలలో మాంచెస్టర్‌లోని ఊల్‌వర్త్స్ స్టోర్‌లో ఫర్నిచర్ విభాగంలో మంటలు లేచి 10 మంది చనిపోయారు. ఆ తర్వాత 1988లో బ్రిటన్ ఫర్నిచర్‌కి కఠినమైన అగ్ని భద్రతా నిబంధనలు పెట్టింది. అందులో 1950కి ముందు తయారైన ఫర్నిచర్‌కి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి 1960, 70ల నాటి "రెట్రో" సోఫా కొంటుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఫ్రేమ్ బాగుంటే ఉంచుకోండి, లోపలి పాత ఫోమ్ మాత్రం తీయించేయండి. ఎలాగూ ఈపాటికి అది పొడి పొడిగా రాలుతూ ఉంటుంది.

ఈ కథలో మన తెలుగు నేల కూడా ఉందండి. 18వ శతాబ్దంలో విశాఖపట్నం ఫర్నిచర్‌కి చాలా పేరు. ఈస్టిండియా కంపెనీ దొరల కోసం మన పనివాళ్లు ఇంగ్లిష్ మోడల్ కుర్చీలు, పెట్టెలు, బల్లలు చేసి, రోజ్‌వుడ్ మీద ఏనుగు దంతంతో లతలు, పువ్వులు పొదిగేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇవాళ్టికీ అవి ఉన్నాయి. మన దేశంలో చేసిన చాలా సీట్లకి గుర్రపు వెంట్రుకలు కూరకుండా పేము అల్లేవారు. మన ఎండకి, ఉక్కకి గాలి ఆడాలి కదా! నన్నడిగితే మన ఇళ్లకి ఇప్పటికీ అదే సరైన ఎంపిక. టేకు ఫ్రేమ్, పేము అల్లిక, తీసి ఎండలో వేసుకోగలిగే బూరుగు దూది పరుపు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం కళా విలువ, చారిత్రక విలువ ఉన్న వస్తువుకి కనీసం 100 ఏళ్లు ఉంటే అది పురావస్తువు. అలాంటివాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. దాన్ని సొంతంగా విదేశాలకి పంపడం కుదరదు. అమెరికాలో ఉన్నవాళ్లు తాతగారి సోఫా షిప్ చేయించుకుందాం అనుకుంటే ముందు ఇది చూసుకోవాలి. "వింటేజ్" అనే మాటకి మాత్రం చట్టంలో అర్థమేమీ లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. ఇంకోటి, ఏనుగు దంతం పొదిగిన వస్తువు ఎంత పాతదైనా ఇక్కడ అమ్మడం, కొనడం నేరం. అందంగా ఉంది కదా అని చెయ్యి పెట్టకండి.

మరి చివరికి డబ్బు దేనికి పెట్టాలి? ఫ్రేముకి. చేతులు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి, కీళ్లు కదలకూడదు. ఒక మూల పైకెత్తండి, పక్క కాలు కూడా వెంటనే లేవాలి. చెక్కకి చిన్న కన్నాలుండి కింద మెత్తటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా తింటోందని అర్థం, వదిలేయండి. నవారు, స్ప్రింగులు, గుడ్డ అన్నీ మార్చుకోవచ్చు. కానీ ఆ ఖర్చు చాలాసార్లు సోఫా కొన్న ధరని మించిపోతుంది. అందుకే బేరం తేల్చేముందు సోఫా పని చేసే మేస్త్రీకి ఫొటోలు పంపి ఎంతవుతుందో అడగండి. రెండూ కలిపితేనే అసలు రేటు.

అమ్మేవాళ్లు కోప్పడతారేమో అని మొహమాటపడకండి. నిజంగా పాత సోఫా ఉన్నవాళ్లు దాన్ని తిరగేసి చూపించడానికి వెనకాడరు. తిరగేయనివ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే. ఇదండీ ఈరోజు సోఫా కథ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.