ఛాయాచిత్రము - జ్యోతిశ్శాస్త్రమున దాని సాక్ష్యము

ఛాయాశబ్దమునకు అమరసింహుఁడు సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబము, ఎండ లేమి యని నాలుగర్థములు చెప్పియున్నాఁడు. ఫోటోగ్రాఫునకు ఛాయాచిత్రమని పేరిడినవారు ప్రతిబింబార్థమునే తలఁచియుందురు. అయినను కాంతిచే వ్రాయఁబడి, ఎండ చొరని చీఁకటిగదిలో వ్యక్తమగు నీ చిత్రమునకు మఱి రెండర్థములును జక్కఁగా నన్వయించుచున్నవి. శాస్త్రమున నిది చేయు పనిని విచారించినచో దీనిని సాక్షి యనుట యుక్తము. కన్ను చూచినదానిని మనస్సు మఱచును, మార్చును. ఫలకము మఱవదు, మార్పదు. కాని యే సాక్షియైనను దనకు గోచరమైనదానినే చెప్పఁగలదు. ఆంధ్రదేశమున జరిగిన రెండు వృత్తాంతములు ఈ సాక్షియొక్క బలమును గొఱఁతను గూడ విశదపఱచుచున్నవి.

సంపూర్ణసూర్యగ్రహణమున చంద్రబింబము నంచున ఎఱ్ఱని జ్వాలలవంటివి కనఁబడుట పూర్వమే యెఱిఁగినది. అవి సూర్యునివో, చంద్రునివో, కంటి భ్రమయో యను వివాదము చాలకాలము నడచెను. చూచినవారు చేతితో వ్రాసిన పటములు ఒకదానితో నొకటి పొసఁగకుండుటచే నది తెగదయ్యెను. 1860 జూలై 18 వ తేదిని స్పెయిను దేశమున వారెన్ డి లా ర్యూ యొకచోటను, సెక్కీ దూరముననున్న మఱియొకచోటను గ్రహణమునకు ఛాయాచిత్రములు దీసిరి. రెంటను జ్వాలల యాకృతు లొక్కటిగనే యుండెను. చంద్రుఁడు కదలినకొలఁది నొకప్రక్క జ్వాలలు మఱుఁగుపడుచు, రెండవప్రక్కవి బయలుపడుచుండెను. కావున నవి సూర్యునివే యని తేలెను.

అవి యే పదార్థముతోఁ గూడినవను ప్రశ్న మిగిలెను. దానికి సమాధానము లభించిన తావులలో గుంటూరు ముఖ్యమైనది. 1868 ఆగస్టు 18 వ తేదిని చంద్రుని నీడ పడమటి తీరమునుండి తూర్పు తీరమువఱకు దక్షిణాపథమును దాఁటిపోయెను. మదరాసు వేధశాలాధిపతి పోగ్సన్ బందరునను, ఆ వేధశాలలోనివాఁడే యైన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తిలోను, ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెన్, ఆంగ్లేయసేనలోని మేజరు టెన్నెంటు గుంటూరునను గ్రహణమున కెదురుచూచిరి. జాన్సెన్ వర్ణపటదర్శినితో జ్వాలలను బరీక్షించి, వానియందు జలజనక వాయువున కుచితమైన ప్రకాశరేఖలను గనెను. ఆ రేఖల వెలుఁగు మిక్కుటముగా నుండుటఁ జూచి, గ్రహణము లేకున్నను వానిని జూడవచ్చునని యూహించి, మఱునాఁడే యట్లు చూచెను.

టెన్నెంటు పక్షమువారి పని ఛాయాచిత్రములు తీయుట. 9 అంగుళముల వెండిపూఁత యద్దముగల దూరదర్శిని వారికి సాధనము. ఆ కాలమున ఫలకములు తడివి. గాజుపలకపైఁ గొలోడియనను ద్రవమును బోసి, సిల్వరు నైట్రేటు నీటిలో ముంచి, తడి యాఱకమునుపే చిత్రముఁ దీసి, వెంటనే మందునీటఁ గడుగవలెను. ఈ పనియంతయు గ్రహణము నిలుచు కొలఁది నిమిషములలో జరుగవలసియుండెను. ఆనాఁడు పలుచని మేఘములు గూడ నడ్డుపడెను. అయినను ఆఱు ఫలకములు లభించెను. కొమ్మువలె నెగసిన గొప్ప జ్వాల యొకటి వానియం దంకితమయ్యెను.

అయితే యీ సాక్షి చూడలేని దొకటి కలదు. ఆ గ్రహణమున జ్వాలల కాంతిని బరీక్షించినవారిలోఁ గొందఱు పసుపుపచ్చని రేఖ నొకదానిని గనిరి. అది సోడియపు రేఖ కాదనియు, దానికి సమీపముననున్న వేఱొక రేఖ యనియు నా సంవత్సరము అక్టోబరులో లాకియర్ ఇంగ్లండునఁ జూపెను. ఆ రేఖకుఁ గారణమైన హీలియము 1895 లోఁ గాని రామ్సే చేత భూమిపైఁ బట్టువడలేదు. నాఁటి తడిఫలకము నీలము, ఊదా కాంతుల నే గ్రహించును. పసుపు దానికిఁ జీఁకటితో సమానము. జ్వాలల వర్ణపటమునే చిత్రించియున్నను ఆ రేఖ దానిపైఁ బడియుండదు. ఈ లోపమును దీర్చు మార్గమును 1873 లోఁ గనుఁగొన్న హెర్మన్ ఫోగెల్, ఇదే గ్రహణమును ఏడెనున ఛాయాచిత్రములు తీయఁ బోయినవాఁడే. ఫలకమునకు రంగుద్రవ్యములఁ జేర్చి యాతఁడు దాని చూపును విస్తరింపఁజేసెను.

రెండవ వృత్తాంతము హైదరాబాదుది. ఎండుఫలకములు వచ్చిన పిమ్మట గంటలతరబడి కాంతిని గూర్చుకొని, కంటి కందని నక్షత్రములనుగూడ జూపుట ఛాయాచిత్రమునకు సాధ్యమయ్యెను. 1887 లోఁ బారిసునఁ గూడిన పండితులు ఆకాశమంతయు ఫలకములపై నెక్కించి నక్షత్రముల స్థానములఁ గొలువ సంకల్పించి, పనిని బెక్కు వేధశాలలకుఁ బంచిరి. నవాబు జఫర్ జంగు 1901 లో స్థాపించిన నిజామియా వేధశాల 1908 లో నైజాము ప్రభుత్వ పరమై యిందుఁ జేరెను. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ అనువారల యాధిపత్యమున, 8 అంగుళముల యంత్రముతోఁ దీసిన ఫలకములనుండి యేడున్నర లక్షలకుఁ బైఁబడిన స్థానములు సూక్ష్మదర్శినిచేఁ గొలువఁబడి, 1917 మొదలు 1946 వఱకు సంపుటములుగా వెలువడెను.

ఆ యంకెలు చాలకాలము విశేషోపయోగమునకు రాలేదు. 1989 లో ఎగసిన హిప్పార్కసు ఉపగ్రహము నక్షత్రముల నేఁటి తావులను మిక్కిలి సూక్ష్మముగాఁ గొలిచెను. కాని కదలిక తెలియుటకు నేఁటి తావొక్కటియే చాలదు. నాఁటి తావును గావలెను. 2000 లోఁ బ్రకటితమైన టైకో-2 పట్టికలో ఇరువదియైదు లక్షల నక్షత్రముల గమనము నిర్ణయించుటకు, హైదరాబాదు కొలతలతోఁ గూడిన యా పాత పట్టికలే యాధారమయ్యెను. ఎంత గొప్ప యంత్రమైనను గడచిన కాలమును దిరిగి చూడలేదు.

కావున నీ విషయమునఁ బరిశోధన చేయఁబూనిన విద్యార్థి ఫలకము చూపినదానినేగాక, ఏ పూఁతతో, ఎంత కాలము, ఏ కాంతి కది తెఱవఁబడెనో యారయవలెను. గుంటూరి ఫలకములు సాక్షిని బ్రశ్నించి వినవలెననియు, హైదరాబాదు పట్టికలు సాక్ష్యమును బారవేయరాదనియు బోధించుచున్నవి.