స్టోరేజ్ స్విచ్ పోర్టులు: ఒక సింహావలోకనం

పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్ల నుంచి చదువుకుని హైదరాబాదు, బెంగళూరు డేటా సెంటర్లలో కుదురుకున్న మన పిల్లలకు ఎన్, ఎఫ్, ఇ, జి అనే అక్షరాలు నిత్యపరిచయం. స్టోరేజ్ స్విచ్‌లో పోర్టులన్నీ చూపుకు ఒక్కలాగే ఉంటాయి. కేబుల్ అవతలి కొసన ఎవరున్నారన్న దాన్ని బట్టే వాటి రకం తేలుతుంది. ఆ రకాలు ఒక్కొక్కటీ ఒక్కో అవసరం తరుముకొస్తే పుట్టినవి.

ఒకప్పుడు డిస్కు ఏ సర్వరుకు తగిలిస్తే ఆ సర్వరు సొత్తు. ఆ రెంటినీ కలిపే స్కజీ కేబుల్ కొద్ది మీటర్లకు మించి సాగేది కాదు. ఆ ఇరుకును దాటడానికి 1988లో ఫైబర్ ఛానెల్ ప్రమాణానికి కృషి మొదలై, 1994లో అమెరికా ప్రమాణాల సంస్థ అన్సీ ఆమోదం పొందింది. సర్వరుకూ డిస్కుకూ అది సమాన హోదా ఇచ్చింది, రెండూ ఎన్-పోర్టులే. వాటికి ఎదురుగా స్విచ్ వైపు నిలిచేది ఎఫ్-పోర్టు. స్విచ్‌లు ఖరీదుగా ఉన్న రోజుల్లో లూప్ పద్ధతి రాజ్యమేలింది. ఒకే వలయంలో 126 పరికరాల దాకా కలపవచ్చు గానీ, కొత్త పరికరం చేరితే వలయమంతా ఒక్క క్షణం ఆగాల్సిందే. ఎన్‌ఎల్, ఎఫ్‌ఎల్ పోర్టులు ఆ కాలానివే.

1997లో బ్రొకేడ్ సిల్క్‌వార్మ్ స్విచ్ వచ్చాక అసలు మలుపు మొదలైంది. స్విచ్‌ను స్విచ్‌తో కలిపే ఇ-పోర్టుతో ‘ఫ్యాబ్రిక్’, అంటే స్విచ్‌ల అల్లిక, విస్తరించింది. తర్వాత వచ్చిన ఇఎక్స్-పోర్టు అర్థం కావాలంటే మన నౌపడ జంక్షన్‌ను తలచుకుంటే చాలు. 1900లో పర్లాకిమిడికి వేసిన నేరోగేజి లైను అక్కడ పెద్ద లైనును చేరేది. బండి మాత్రం దాటేది కాదు, మనుషులూ సరుకూ మారేవారు. ఇఎక్స్-పోర్టు కూడా రెండు ఫ్యాబ్రిక్‌లను వేరుగానే ఉంచి, అనుమతించిన రాకపోకలనే దాటనిస్తుంది. 2011లో బ్రాడ్‌గేజి అయ్యాక నౌపడలో జరిగిన కలయిక ఇ-పోర్టు లాంటిది.

2002లో సిస్కో ఎండీఎస్ స్విచ్‌లతో ఒకే పెట్టెలో అనేక వీశాన్‌లు, అంటే విడివిడి వర్చువల్ ఫ్యాబ్రిక్‌లు, వెలిశాయి. వాటన్నిటినీ ఒకే లింకు మీద మోసేది టిఇ-పోర్టు. ఆపై వర్చువల్ యంత్రాల కాలం వచ్చి, ఒక్క ఎన్-పోర్టు వెనుక ఎన్నో చిరునామాలు చేరాయి. బ్లేడ్ సర్వర్ల పెట్టెలోని స్విచ్ ఎన్‌పి-పోర్టుతో తానే సర్వరులా లాగిన్ అవడం నేర్చింది. అలా ప్రతి స్విచ్‌కూ కేటాయించాల్సిన డొమైన్ సంఖ్య ఒకటి ఆదా అయింది. ఒక ఫ్యాబ్రిక్‌కు అవి 239 మాత్రమే మరి.

వేగం 1 గిగాబిట్ నుంచి 64కు పెరిగినా తొలి పలకరింపు మారలేదు. అవతల సర్వరో డిస్కో లాగిన్ అడిగితే పోర్టు ఎఫ్ అవుతుంది. మరో స్విచ్ తన వివరాలు పంపితే ఇ అవుతుంది. ఏదీ తేలకపోతే ఏ రకమూ ఖరారు కాని జి దగ్గరే నిలిచిపోతుంది. రాత్రి డ్యూటీలో ఉన్న ఇంజినీరుకు తెరమీద ఆ జి కనబడిందంటే, వెలుతురు అందుతోంది గానీ అవతలివాడు ఇంకా పలకలేదని అర్థం. వెతుకులాట అవతలి కొస నుంచే మొదలుపెట్టాలి.