మహాకాయానికి బరువు: అనంతపురం తోలుబొమ్మ, మాయాబజార్, యానిమే రోబో

మిత్సుతెరు యోకోయామా గీసిన మహారోబో బొమ్మల కథ 'టెట్సుజిన్ 28' జపాన్‌లో 1956లో మొదలైంది. 1963లో టీవీ యానిమే (జపాన్ యానిమేషన్) అయింది. 2005లో నటీనటులతో సినిమాగా వచ్చింది. గో నాగాయ్ 'మజింగర్ జెడ్' (1972) రోబోను నడిపే కుర్రవాణ్ణి ఏకంగా యంత్రం తలలోనే కూర్చోబెట్టింది. 1995 నాటి యానిమే 'ఎవాంజెలియన్'ను లైవ్ యాక్షన్‌గా తీస్తామని 2003లో ప్రకటించారు గానీ అది తెరకెక్కలేదు. గీసిన రోబోను కెమెరా ముందుకు తెచ్చే ఇలాంటి ప్రయత్నం తడబడినప్పుడల్లా విమర్శకులు డబ్బునో గ్రాఫిక్స్‌నో తప్పుపడతారు. నా వాదన వేరు. గీతల్లో రోబోకు బరువు అక్కర్లేదు, చూసేవాడే ఊహించుకుంటాడు. కెమెరా ముందు ఆ బరువును ఎవరో ఒకరు పుట్టించాలి. ఆ విద్య తెలిసినవాళ్లు అనంతపురం సీమలో చాలాకాలంగా ఉన్నారు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. 2022 విభజన తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును పలచగా గీకి, ఆరబెట్టి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులద్ది చేసే ఈ బొమ్మల్లో కొన్ని మనిషెత్తు ఉంటాయి. రావణుణ్ణి ఆడించేటప్పుడు చేతిని గమనిస్తే అసలు సంగతి బోధపడుతుంది. భుజం దగ్గర, మోచేయి దగ్గర దారపు ముడులే కీళ్లు. ఆ ముడి బిగుతుగా ఉండదు. అందుకే మొండెం ముందు కదులుతుంది, చేయి ఒక క్షణం ఆలస్యంగా వెంట వస్తుంది. ఆ ఆలస్యమే బరువు. ఆడించేవాడు కాళ్ల కింది చెక్క పలకలను ధనధన తొక్కితే యుద్ధఘట్టంలో అడుగుల మోత వినిపిస్తుంది. బొమ్మను తెరకు ఆనిస్తే అంచులు పదునుగా కనిపిస్తాయి. దీపం వైపు వెనక్కి లాగితే నీడ పెరుగుతుంది, అంచు మసకబారుతుంది. కీలు, అడుగు చప్పుడు, వెలుతురు: మహాకాయాన్ని నమ్మించడానికి వాళ్లకు ఇవే సరిపోయాయి.

అనంతపురం జిల్లా తాడిపత్రిలో 1912లో పుట్టిన దర్శకుడు కె.వి.రెడ్డి ఇదే సమస్యను సినిమాలో ఎదుర్కొన్నారు. 'మాయాబజార్' (1957) కోసం వాహినీ స్టూడియోలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో మూడొందల దాకా చిన్న ఇళ్లతో ద్వారకను కట్టించారు. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీది. మూడేళ్ల ముందు 'గాడ్జిల్లా' (1954) కోసం ఎయిజీ త్సుబురాయా టోక్యోనూ ఇలాగే చిన్నది చేశాడు. ఇద్దరూ ఒకరి పని ఒకరు చూశారని నేను అనడం లేదు, అవసరం ఒక్కటే. అయితే కె.వి.రెడ్డికి ఎస్.వి.రంగారావు ఉన్నారు. గద భుజాన వేసుకుని ఆయన నడిచే తీరులోనే ఘటోత్కచుడి బరువు సగం ఉంది. నా దృష్టిలో ఇది ట్రిక్ ఫొటోగ్రఫీ కన్నా పెద్ద విజయం.

తెలుగులో గీసిన యంత్రం, నిజం యంత్రం రెండూ ఒకేసారి వచ్చిన సందర్భం 'కల్కి 2898 ఏడీ' (2024). నాగ్ అశ్విన్ బుజ్జి వాహనాన్ని దాదాపు ఆరు టన్నుల బరువుతో నిజంగానే కట్టించారు. సినిమా విడుదలకు ముందే 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ వచ్చింది. నిజం బండి రోడ్డు మీద తిరిగే చోట టైరు నేలను నొక్కడం కనిపిస్తుంది, అదే నాకు నచ్చిన భాగం. శంకర్ 'రోబో' (2010) పతాక ఘట్టంలో వందలాది చిట్టి రోబోలు కలిసి ఒక్క ఆకారమైనప్పుడు కల్పన అద్భుతం. కానీ ఆ ఆకారం కింద నేల బెదరదు. మమోరు ఒషీ బృందం 2014 నాటి లైవ్ యాక్షన్ 'పాట్లేబర్' కోసం సుమారు ఎనిమిది మీటర్ల రోబో నమూనాను నిలబెట్టింది ఇందుకే అనుకుంటాను.

బరువుకు లెక్క కూడా ఉంది. ఇరవై మీటర్ల ఎత్తు నుంచి వదిలిన రాయి నేల చేరడానికి సుమారు రెండు సెకన్లు పడుతుంది, ఎనభై మీటర్ల నుంచి నాలుగు. పెద్ద రోబో చేయి అంతకన్నా వేగంగా పడితే అది బొమ్మే. ఇరవై అయిదో వంతు నమూనాను తీసేటప్పుడు కెమెరా అయిదు రెట్ల వేగంతో తిరగాలి, అంటే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120. 'పసిఫిక్ రిమ్' (2013) ఈ కొలతను వానలో, సముద్రంలో చూపించింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురవడమే గగనమైన అనంతపురంలో ఆ పని దుమ్ము చేస్తుంది. వేరుశనగ పీకేసిన ఎర్రచేలో అడుగు పడితే లేచే దుమ్ము ఎంతసేపు తేలి ఆడుతుందో, దాన్నిబట్టే కన్ను ఎత్తును అంచనా కడుతుంది. రామగిరి గుట్టల మీది గాలిమరలు పక్కనే నిలబడి కొలబద్దలవుతాయి.

నిమ్మలకుంటలో ఈనాడు చాలామంది బతుకుతెరువు కోసం లాంప్ షేడ్లు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేస్తున్నారు. తెలుగులో ఎవరైనా మహాయంత్రం సినిమాకు పూనుకుంటే, నమూనా గీయించేటప్పుడే ఆ కళాకారులను జీతం ఇచ్చి పిలవాలి. భుజం కీలు ఎంత వదులుగా ఉండాలో ముందు వాళ్లనే అడగాలి.